చలి మీద మోపిన నేరం

ఆనవాయితీ ప్రకారం సదస్సు అధ్యక్షుడు తన ప్రసంగంలో రంగమంతా ఒకసారి చుట్టి రావాలి. ఈ అధ్యక్షుడిది మాత్రం ఏళ్ల తరబడి ఒకటే గొడవ. మురుగును శుద్ధిచేసే కృత్రిమ చిత్తడి మడుల్లో చలికాలం నత్రజని తగ్గకపోతే, నేరమంతా చలి మీదే ఎందుకు మోపుతారు?

చలికి పాత్ర లేదని కాదు. నీరు 10 డిగ్రీల కిందికి దిగితే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా మందగిస్తుంది. మడిలో పెరిగే జమ్మును కోయకుండా వదిలేస్తే, అది పీల్చుకున్న నత్రజనిలో కొంత ఆకులతోపాటు కుళ్లి మళ్లీ నీళ్లలోకే చేరుతుంది. సభలో అందరికీ తెలిసినవే. కానీ ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేటు కావాలంటే సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్ కావాలి. ఎప్పుడూ నీళ్లు నిండి ఉండే కంకర మడిలో అంత ఆక్సిజన్ నడివేసవిలో మాత్రం ఎక్కడిది?

ఆక్సిజన్ ఎక్కడిదన్న ఈ తగాదా పాతదే. 1950లలో జర్మనీలోని ప్లోన్‌లో కేటె సైడెల్ తుంగజాతి మొక్కలతో ప్రయోగాలు మొదలుపెట్టారు. తర్వాత రైన్‌హోల్డ్ కికూత్ కిక్కిస వేళ్ల మీదే భారమంతా వేశారు: అవే మట్టిని గుల్ల చేస్తాయి, అవే గాలినిస్తాయి. డెన్మార్క్‌లో హాన్స్ బ్రిక్స్ కొలిచి చూస్తే వేళ్లు వదిలే ఆక్సిజన్ బహు స్వల్పమని తేలింది. యాన్ వైమజాల్ 2007 నాటి సమీక్షలో రకరకాల మడులు తీసేసే మొత్తం నత్రజని 40 నుంచి 55 శాతమే. అయినా మన సహోద్యోగులు కొందరు ఇప్పటికీ కికూత్ మాటనే పీఠికల్లో అప్పజెబుతున్నారు. పేర్లెందుకు, ముందు వరుసలోనే ఉన్నారు.

విడతలుగా నీరు పోసి, మధ్యలో ఆరనిచ్చే నిలువు ప్రవాహపు మడుల సంగతి వేరు. ఆస్ట్రియాలో మనిషికి 4 చదరపు మీటర్ల లెక్కన కట్టే ఆ మడులు అమ్మోనియా పరిమితిని అందుకుంటున్నాయి. అక్కడి నిబంధన కూడా తెలివైనదే: బయటికొచ్చే నీరు 12 డిగ్రీలు దాటినప్పుడే వర్తిస్తుంది.

ఇక మన సంగతి. హైదరాబాదు నెక్నాంపూర్ చెరువు మీద తేలే మడులకు మంచు భయం లేదు. మనకు లెక్క తప్పించేది వాన. లీటరుకు 40 మిల్లీగ్రాముల నత్రజని ఉన్న 100 ఘనమీటర్ల మురుగు మడిలోకి వస్తుంది. వాన మరో 100 ఘనమీటర్లు కలుపుతుంది. బయట పరీక్షిస్తే లీటరుకు 20. వచ్చింది 4 కిలోలు, పోయింది 4 కిలోలు; నివేదికలో మాత్రం 50 శాతం తొలగింపు! ఎండాకాలంలో అన్యాయం తిరగబడుతుంది. నీరు ఆవిరై సాంద్రత పెరిగి, మంచి మడి కూడా చెడ్డపేరు మోస్తుంది.

ఈ తప్పుడు శాతాన్ని పట్టుకోగలిగినవాడు మడి కాపలా మనిషి. బయటి కాలువలో ప్రవాహాన్ని కొలిచే వి ఆకారపు గాడికి పట్టిన నాచునూ ఆకుచెత్తనూ పుల్లతో గీకి, నీటిమట్టం చూసి పుస్తకంలో రాసేది అతనే. నాచు వదిలేస్తే మట్టం లేచి ప్రవాహం లేనంత ఎక్కువగా కనిపిస్తుంది. అయినా అతని పుస్తకాన్ని ఏ పరిశోధనా పత్రం ఉదహరించదు, ఆ పనికి ఏ ప్రాజెక్టూ పద్దు కేటాయించదు.

తీర్మానాల సంఘం ముందు అధ్యక్షుడి ప్రతిపాదన ఒకటే: నెలవారీ ప్రవాహం జతచేయని తొలగింపు శాతాన్ని ఈ సదస్సు సంచికలో అచ్చు వేయకూడదు. అభ్యంతరాలుంటే మధ్యాహ్నం చర్చలో లేవనెత్తవచ్చు.