కిడ్నీ పరీక్షలకు పట్నం వచ్చిన దంపతులు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బు పరీక్షల కోసం విశాఖపట్నం వచ్చేవారిలో ఒంటరిగా వచ్చేవారు తక్కువ. జబ్బు భర్తదైతే భార్య, భార్యదైతే భర్త వెంట ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో ఈ జబ్బు దశాబ్దాలుగా ఉంది. ఫలానాదే కారణమని ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయినా మరో డాక్టరుకు చూపించుకుందామని విశాఖ బస్సెక్కేవారు ఉంటూనే ఉన్నారు.

ఆ దారిన ఊళ్లోకి వచ్చే బస్సులకు ముందు తగిలేది మధురవాడ. ఆనందపురం దాటాక కొమ్మాది, కార్‌షెడ్ జంక్షన్, ఎండాడ, ఆపైన హనుమంతవాక. విమ్స్, ఆరిలోవ హెల్త్ సిటీ ఆసుపత్రులు ఆ దాపునే ఉంటాయి. 1923లో మొదలైన కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మాత్రం ఇంకా ముందుకు, మహారాణిపేటలో ఉంది. నాలుగు రోజులు ఉండాల్సి వస్తే మధురవాడలో గది తీసుకోవడం తెలివైన పనే. అయితే అద్దె ఎంతని అడిగే ముందు మెట్లు ఎన్ని, బాత్‌రూము గదిలోనే ఉందా, గంజి కాచుకోవడానికి వీలుందా అని అడగాలి. ఉప్పు తగ్గించమన్న మనిషికి పూటపూటా హోటల్ సాంబారు, ఆవకాయ పెడితే బీపీ పెరుగుతుంది. బీపీ అదుపులో లేకపోతే బయాప్సీ, అంటే కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీసే పరీక్ష, వాయిదా పడుతుంది.

పరీక్షల రోజుల్లో తోడున్నవారి అసలు పని ధైర్యం చెప్పడం కాదు, గుర్తుపెట్టుకోవడం. కొత్త ఆసుపత్రికి రోగి గతం తెలియదు. అది చేతిలోని కాగితాల్లోనూ, పక్కనున్న మనిషి నోటిలోనూ ఉంటుంది. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టుకోవాలి. 2.1 అన్న ఒక్క అంకె డాక్టరుకు చెప్పేది కొంతే. ఏడాది కిందట 1.4, ఆర్నెల్ల కిందట 1.7 అని తెలిస్తే జబ్బు ఎంత వేగంగా నడుస్తోందో అర్థమవుతుంది. మందుల పేర్లు రాసిన చీటీ కన్నా మందుల అట్టలే తేవడం మేలు. ఊళ్లో ఒళ్లునొప్పులకు మింగిన బిళ్లలు, వాడిన నాటుమందులు దాచకూడదు. నొప్పి బిళ్లల్లో చాలావాటికి కిడ్నీని దెబ్బతీసే గుణం ఉంది. రోగి సిగ్గుపడి చెప్పకపోతే భార్యో భర్తో చెప్పాలి.

రక్తం, స్కానింగ్ త్వరగానే అయిపోతాయి. తేలికగా కనిపించి ఎక్కువగా తప్పేది ఇరవై నాలుగు గంటల మూత్ర పరీక్ష. ల్యాబు వాళ్లు పెద్ద డబ్బా ఇచ్చి పంపుతారు. మొదటిరోజు పొద్దున్నే, ఉదాహరణకు ఆరింటికి, పోసిన మూత్రం పారబోయాలి. లెక్క ఆ నిమిషం నుంచి మొదలు. ఆ తరవాత పగలూ రాత్రీ ప్రతిసారీ డబ్బాలోనే పోయాలి. మర్నాడు పొద్దున ఆరింటి మూత్రమూ కలిపితే లెక్క పూర్తి. మధ్యలో ఒక్కసారి బయట పోసినా ప్రొటీన్ లెక్క తగ్గిపోతుంది, జబ్బు ఉన్నదాని కన్నా చిన్నదిగా కనిపిస్తుంది. అద్దె గదిలో, అర్ధరాత్రి, నిద్రమత్తులో ఉన్న మనిషికి డబ్బా అందించే పని తోడున్నవారిదే. ఆ రోజుకి ఆటో ఎక్కి ఊరు చూసే పనులు పెట్టుకోకూడదు. పొరపాటు జరిగితే దాచకుండా ల్యాబులో చెప్పి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది.

పరగడుపున రమ్మన్నప్పుడు షుగరు ఉన్నవారు ఇన్సులిన్, బిళ్లల సంగతి ముందురోజే అడగాలి. తిండి మానేసి మందు మాత్రం వేసుకుంటే క్యూలోనే కళ్లు తిరుగుతాయి. స్కానింగ్‌కి నీళ్లు బాగా తాగి రమ్మంటే, నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పిన రోగి విషయం వేరు, అదీ అడగాలి. రంగుమందు ఎక్కించి తీసే సీటీకి ముందు కిడ్నీ జబ్బు ఉందని తప్పక చెప్పాలి.

సూది గుచ్చే చేయి గురించి చాలామందికి తెలియదు. ముందుముందు డయాలసిస్ అవసరమైతే ఫిస్టులాను (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలను కలిపి చేసే ఏర్పాటు) సాధారణంగా వాడకం తక్కువున్న చేతికి, అంటే చాలామందికి ఎడమచేతికి, పెడతారు. అందుకే ఆ చేతి నరాలను ఇప్పటినుంచే కాపాడుకోవాలి. రక్తం తీయడానికి వచ్చిన కుర్రాడితో, “ఈ చేతికి వద్దు బాబూ, ఆ చేతి వెనక తీయండి” అని అనడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక బయాప్సీ. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెప్పాలి. సొంతంగా ఆపితే గుండెజబ్బు ఉన్నవారికి ముప్పు. బోర్లా పడుకోబెట్టి, మత్తు సూది వేసి, స్కానింగ్‌లో చూస్తూ ఊపిరి బిగబట్టమంటారు. సూది టక్కుమంటుంది. ఆ చప్పుడు సంగతి ముందే తెలిస్తే రోగి ఉలిక్కిపడడు. తరవాత కొన్ని గంటలపాటు వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. నీళ్లందించడం, లేవబోతే ఆపడం, మూత్రం ఎర్రగా వస్తే వెంటనే నర్సుకు చెప్పడం అప్పటి పనులు. పరామర్శకు వచ్చేవారు కొబ్బరి బోండాలు తెస్తారు, అందులోనూ ఉద్దానం కొబ్బరికి పుట్టిల్లు. పొటాషియం ఎక్కువున్న కిడ్నీ రోగికి అవి పట్టించకూడదు. తెచ్చినవారు నొచ్చుకోకుండా తోడున్నవారే తాగేయడం ఉత్తమం.

రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులే అన్నిటికన్నా బరువైనవి. బంధువుల ఫోన్లన్నిటికీ రోగి చేత జవాబు చెప్పించకుండా, పొద్దుపోయాక ఒక్కరికే కబురు చెప్పి మిగతావారికి చేరవేయమనడం నయం. ఖర్చు సంగతి చూసుకోవలసిందీ అప్పుడే. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద ఏది వస్తుందో ఆసుపత్రిలోని ఆ పథకం సిబ్బందిని అడగాలి. బయట చేయించే ప్రతి పరీక్షా ఆ పథకంలోకి రాదు.

ఫలితం చెప్పేటప్పుడు రోగిని బయట కూర్చోబెట్టి ముందు ఇంటివారే వినే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. ప్రేమతోనే చేస్తారు, కానీ ఈ జబ్బులో అది పనికిరాదు. ఉప్పు మానాల్సిందీ, మందు మింగాల్సిందీ, డయాలసిస్‌కు ఒప్పుకోవాల్సిందీ రోగే. ఇద్దరూ కలిసి వినాలి, ఒకరు రాసుకోవాలి. క్రియాటినిన్ ఎంత, ఏ దశ, మళ్లీ ఎప్పుడు రావాలి, ఊళ్లో ఏ డాక్టరు చూస్తే చాలు: ఈ నాలుగూ కాగితం మీద పడకుండా గదిలోంచి లేవకూడదు.

తోడు వచ్చినవారు తమ బీపీ బిళ్లలు మరిచిపోవడం మామూలే. అదే ఊరి నీళ్లు తాగి, అదే పొలంలో ఎండకు పనిచేసిన మనిషి కనుక, వచ్చిన పనిలో పనిగా తన క్రియాటినిన్ కూడా చూపించుకోవాలి. ఈ జబ్బు మొదట్లో ఏ బాధా పెట్టదు.

తిరుగు ప్రయాణం డాక్టరు సరే అన్నాకే. బయాప్సీ అయినవారు మూటలు, నీళ్ల బిందెలు కొన్నాళ్లపాటు ఎత్తకూడదు; ఎన్నాళ్లో అడిగి రాసుకోవాలి. దారిలో నడుం పక్క నొప్పి ముదిరినా, మూత్రంలో నెత్తురు గడ్డలు కనిపించినా, కళ్లు తిరిగినా ఇంటిదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి దగ్గరలో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లాలి. బయాప్సీ కాగితం సంచి అడుగున కాకుండా చేతికందేలా ఉంచుకోవాలి.