తోరణం పక్కన మసకబారే తార



డాబా గార్డెన్స్ అనగానే ఈనాటి విశాఖవాసికి దుకాణాలూ రద్దీ గుర్తొస్తాయి. 1840ల తొలినాళ్లలో గోడే వెంకట జగ్గారావు గారు అక్కడ సొంత డబ్బుతో వేధశాల కట్టించారు. 1856లో ఆయన కాలం చేశాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని చేపట్టారు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిపోవడాన్ని గమనించి నమోదు చేశారు. ఆయన్ను తలచుకునే ఈ సాయంత్రం నేనూ ఒక గ్రహణం గురించే చెబుతాను. అది రెండు రోజులకోసారి పడుతుంది, మన ఊరి పేరున్న నక్షత్రం సరిహద్దులోనే పడుతుంది.

విశాఖను పంచాంగకర్తలు తోరణం ఆకారంలో చెప్పారు. అధిదేవతలు ఇంద్రాగ్నులు. రాధ అని మరో పేరుంది; వెనకాలే వచ్చేది అనూరాధ అందుకే అయింది. విశాఖ తారలున్న తులారాశి ఒకప్పుడు గ్రీకులకు తేలు డెక్కలు. ఆ ఊహ అరబ్బుల దాకా నడిచి జుబెన్ ఎలగెనూబి, జుబెన్ ఎష్మాలి అనే పేర్లయింది. మొదటిది దక్షిణపు డెక్క, రెండోది ఉత్తరపు డెక్క. ఈ ఉత్తరపు డెక్కకు పడమరగా నాలుగు డిగ్రీల దూరంలో, అంటే చాచిన చేతి పిడికిలిలో సగం కన్నా తక్కువ ఎడంలో, డెల్టా లిబ్రే ఉంది. దాన్ని జుబెన్ ఎలక్రిబి అంటారు. నిజానికి అది అదే రాశిలోని గామా తార పేరుకే ఇంకో రూపం. పెద్ద తారల వరసలో దీనికి సొంత పేరైనా దక్కలేదన్నమాట.

అయినా చూడదగ్గది ఇదే. 1859లో ఏథెన్సులో ఉన్న యూలియస్ ష్మిట్ దీని వెలుగు మారుతోందని పట్టుకున్నాడు. మామూలుగా 4.9 ప్రకాశ తరగతిలో ఉండే తార 5.9కి దిగుతుంది, అంటే వెలుగు ఐదింట రెండు వంతులకు పడిపోతుంది. ఒక తరగతికి సుమారు రెండున్నర రెట్ల తేడా అనే ఈ లెక్క 1856లో నార్మన్ పోగ్సన్ ప్రతిపాదించింది. ఆయనే తర్వాత మద్రాసు వేధశాలలో మూడు దశాబ్దాలు పనిచేశాడు. 1863లో అక్కణ్ణుంచే వృశ్చికంలో భగ్గుమన్న యు స్కార్పియైని కనిపెట్టాడు. అదీ డెల్టా లిబ్రే లాగే జంటతారే.

డెల్టా లిబ్రే మన నుంచి దాదాపు 300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడున్నవి రెండు తారలు, ఒకటి వేడిగా తెల్లగా వెలిగేది, రెండోది చల్లబడి ఉబ్బినది. 2 రోజుల 7 గంటల 51 నిమిషాలకోసారి మసకది తెల్లదానికి అడ్డొస్తుంది. విచిత్రం మరోచోట ఉంది. బరువైన తార ముందు ముసలిదవ్వాలి. ఇక్కడ తేలికైనది ముందు ముసలిదయింది. ఒకప్పుడు అదే బరువైనది. ఉబ్బి, తన వాయువును జోడీకి ధారపోసి చిక్కిపోయింది. ఆల్గాల్ అనే తారతో మొదలుపెట్టి ఈ కోవకు చెందిన జంటలన్నిటిదీ ఇదే కథ.

ఇదంతా మన పూర్వులకు తెలుసని చెప్పాలని కొందరికి ఉబలాటం. ఇంద్రుడూ అగ్నీ ఇద్దరు గనుక జంటతార అని వాదించేవారికి నేనొక్కటే చెబుతాను: వెలుగు తగ్గిన రాత్రి, ఘడియ రాసిపెట్టి ఉంటే చూపండి. జగ్గారావు గారి ఇంట్లో రాసిపెట్టే అలవాటుండేది. నాకు దానిమీదే గౌరవం.

ఇక చూడటమెలా? ఓడరేవు దీపాలకూ ఉక్కు కర్మాగారం వెలుగులకూ నగరంలో మామూలు కంటికి ఇది ఆనదు. భీమిలి దాటి చీకటి చోటుకు వెళ్లి బైనాక్యులర్ పట్టండి. మే నెల రాత్రులు అనువు, కాని వైశాఖ పున్నమి వద్దు. ఆ రోజుల్లో చంద్రుడు విశాఖలోనే ఉండి అంతా కడిగేస్తాడు. మూడు గ్రహణాలకు ఏడు రోజుల కన్నా 26 నిమిషాలు తక్కువ పడుతుంది. కాబట్టి ఒక శనివారం అర్ధరాత్రి తార బాగా మసకబారితే, వచ్చే శనివారం 11.34కు, ఎనిమిది వారాల తర్వాత రాత్రి ఎనిమిదిన్నరకు మసకబారుతుంది. పక్కన వెలుగు మారని తారలు రెండు ఎంచుకుని, అరగంటకోసారి పోల్చి, గడియారం చూసి రాయండి.