చీకటిలోనూ ఆగని పని



జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో ఉండే మీకు షూటింగు సంగతి నేను చెప్పనక్కరలేదు. లైటు వేస్తే పని, ఆర్పితే పేకప్. మన కన్ను కూడా అంతేననుకుంటాం. కాని కంటి వెనుక పొర, అంటే రెటీనా, చీకటిలోనే ఎక్కువ కష్టపడుతుంది.

రెటీనాలో వెలుగును పట్టే కణాలు రెండు రకాలు. మసక వెలుతురులో చూపునిచ్చేవి కడ్డీ కణాలు. ఒక్కో కంటిలో దాదాపు 12 కోట్లుంటాయి. పగటి చూపును, రంగులను ఇచ్చేవి శంకు కణాలు, సుమారు 60 లక్షలు. చీకటిలో ఇవి గ్లూటమేట్ అనే రసాయనాన్ని పక్క కణాలకు ఎడతెగక అందిస్తాయి. వెలుగు పడగానే ఆ సరఫరా తగ్గుతుంది. ఆ తగ్గుదలే చూపు కబురుకు మొదలు.

ఇంత సరఫరా ఎలా సాగుతుంది? షూటింగుకు వచ్చే భోజనం క్యారియర్లను చూడండి. ఖాళీ అయినవి వంటశాలకు వెళ్లి, కడిగించుకుని, మళ్లీ నిండి వస్తాయి. ఈ కణాల కొనలోనూ గ్లూటమేట్ నిండిన చిన్న తిత్తులు, రిబ్బన్ అనే పట్టీ వెంట వరుసగా నిలిచి ఉంటాయి. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండవు. వంతు వచ్చిన తిత్తి కణం గోడకు అతుక్కుని సరుకును బయటికి వదులుతుంది. దాని పొర గోడలో కలుస్తుంది. కణం ఆ పొరను మళ్లీ లోపలికి లాక్కుని, తిత్తిగా చేసి, నింపుకుంటుంది. ఈ తిరుగుడు ఆగితే నిలువ ఖాళీ అవుతుంది, కబురు తెగిపోతుంది.

ఈ తిత్తులు తెరుచుకోవడానికి కాల్షియం కావాలి. అది లోపలికి వచ్చే ద్వారం కొందరు పిల్లలకు పుట్టుకతోనే సరిగా ఉండదు. వారికి చూపు మందగిస్తుంది, చాలామందికి రేచీకటి కూడా ఉంటుంది. ఇది సాధారణంగా ముదరదు. ఇందులో ఒక రకం, ఏ లక్షణమూ లేని తల్లి నుండి కొడుకుకు వస్తుంది. ఆ తల్లిని నిందించకండి.

రేచీకటికి వేరే కారణాలూ ఉన్నాయి. విటమిన్ ఎ లోపమైతే త్వరగా వైద్యం చేయిస్తే నయమవుతుంది. అందుకే 9వ నెల నుండి 5 ఏళ్ల వరకు 9 మోతాదులు తప్పక వేయించండి. ఆకుకూరలు, గుడ్లు, బొప్పాయి పెట్టండి. రెటినైటిస్ పిగ్మెంటోసాలో మాత్రం కడ్డీ కణాలే క్రమంగా నశిస్తాయి. మేనరికం వంటి దగ్గరి సంబంధాల్లో దీనికి అవకాశం పెరుగుతుంది. నేత్రదానంతో మార్చగలిగేది కంటి ముందున్న కార్నియానే, రెటీనాను కాదు.

ఈ మూడింటిలో ఏదో ఇంట్లో తేల్చలేము. ఆకు పసర్లు, చనుబాలు కంట్లో పోయవద్దు. డాక్టరుకు చూపించండి. మన పక్కనే బంజారాహిల్స్‌లో సినీ ప్రముఖులు ఎల్.వి.ప్రసాద్ గారి పేరిట, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో ఆరంభించిన కంటి ఆసుపత్రి ఉంది. స్తోమత లేనివారికి అక్కడ ఉచితంగా చూస్తారు.

యెరికో దారిలో బర్తిమయి కేకలు వేస్తే చాలామంది ఊరుకొమ్మని గద్దించారు. ప్రభువు మాత్రం ఆగి, పిలిపించాడు. మీ బిడ్డ సందెవేళ తడబడితే, “చూసి నడువు” అని గద్దించకండి. ఆగి, అడగండి. దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.