నిద్రించని లెక్కలకు నకలు

(కార్యాలయాల కంప్యూటర్ నిర్వాహకుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



కాగితపు దస్తరాల కాలంలో నకలు వ్రాసే గుమాస్తాకు ఒక సౌకర్యం ఉండేది. సాయంత్రం కచేరీ మూసిన తరువాత ఖాతా పుస్తకంలో ఎవరూ చేయి పెట్టేవారు కారు. కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడా చాలాకాలం రాత్రివేళ యంత్రాన్ని ఇతరులకు మూసివేసి టేపు మీదికి నకలు ఎత్తేవారు. ఇప్పుడు ఆ రాత్రి మనకు లేదు. బ్యాంకుల మధ్య సొమ్ము బదిలీ చేసే నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తున్నవి. కోహిమాలో ఒకరు అర్ధరాత్రి పంపిన పైకం ఆ రాత్రే కొచ్చిలో మరొకరి ఖాతాకు జమ అవుతుంది.

తెరచి ఉన్న పుస్తకానికి నకలు వ్రాస్తే ఏమవుతుందో చూడండి. ఒంటిగంటకు పంపేవాని పుట నకలయింది. అందులో అయిదు వేలున్నవి. ఒంటిగంటన్నరకు అతడు ఆ సొమ్మును మరొకరికి పంపాడు. రెండు గంటలకు పుచ్చుకున్నవాని పుట నకలయింది. అందులోనూ ఆ అయిదు వేలున్నవి. ఏ పుటకాపుట సత్యమే, పుస్తకం మాత్రం అసత్యం. అటువంటి స్థితి లోకంలో ఏ క్షణానా లేదు.

ఈ చిక్కుకు విరుగుడుగా వచ్చినదే తాత్కాలిక స్నాప్‌షాట్. పేరు చూసి డిస్కు మొత్తానికి ఛాయాచిత్రం తీస్తారని భ్రమపడరాదు. తీసే క్షణంలో దాదాపు ఏమీ నకలు కాదు. లైనక్స్‌లోని ఎల్‌వీఎం సంప్రదాయ పద్ధతిలో, ఆ క్షణం తరువాత డిస్కులో ఏ భాగాన్నయినా మొదటిసారి మార్చబోతే, అందులోని పాత సమాచారాన్ని ముందుగా వేరొక చోట దాచి, ఆపైన కొత్తది వ్రాస్తారు. స్నాప్‌షాట్ ద్వారా చూసేవారికి మారిన భాగాలు దాచిన చోటునుంచి, మారనివి అసలు డిస్కునుంచి అందుతాయి. బ్యాకప్ కార్యక్రమం ఆ నిలిచిన క్షణాన్ని తీరికగా చదువుకుంటుంది. 2005లో వెలువడిన జెడ్‌ఎఫ్‌ఎస్, 2009లో లైనక్స్‌లో చేరిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ దారి వేరు. అవి సాధారణంగా పాతదానిపై వ్రాయనే వ్రాయవు. కొత్తదాన్ని కొత్త చోట వ్రాస్తాయి. అక్కడ స్నాప్‌షాట్ అంటే పాతదాన్ని విడిచిపెట్టకపోవడమే.

ఇందులో నేను దెబ్బతిన్న చోటు చెప్పక తప్పదు. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో నూరు గిగాబైట్ల డిస్కుకు పాత భాగాలు దాచే చోటుగా రెండే గిగాబైట్లు కేటాయించాను. మామూలు రాత్రులకు అది చాలింది. నెలాఖరున పింఛను బిల్లులు తయారయ్యే రాత్రి మార్పులు వెల్లువెత్తి ఆ చోటు నిండిపోయింది. నిండితే ఎల్‌వీఎం అసలు డిస్కును కాపాడుతుంది, స్నాప్‌షాట్‌ను రద్దు చేస్తుంది. బ్యాకప్ సగంలో ఆగింది. దోష నివేదిక వచ్చింది. చదివినవారు లేరు, నేనూ చదవలేదు. కొన్నాళ్లకు డిస్కు చెడి ఆ నకలు కావలసి వచ్చినప్పుడు సగం పింఛనుదారుల వివరాలు అందులో లేవు. కాగితపు ఫైళ్లనుంచి వాటిని తిరిగి ఎక్కించడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ వరండాలో కూర్చున్న వృద్ధులకు కాపీ ఆన్ రైట్ గురించి నేనేమి చెప్పగలను?

స్నాప్‌షాట్ బ్యాకప్ కాదనీ గ్రహించాలి. అది అసలు డిస్కును ఆశ్రయించి ఉంటుంది. డిస్కు పోతే రెండూ పోతాయి. "ఎందుకైనా మంచిద"ని దాన్ని నెలల తరబడి ఉంచేవారున్నారు. ఎల్‌వీఎంలో ఒక్కొక్క భాగపు మొదటి మార్పుకు అదనపు వ్రాత పడుతుంది గనుక యంత్రం నెమ్మదిస్తుంది, చోటూ నిండుతూ వస్తుంది. మరొక మాట: డేటాబేస్ తన జ్ఞాపకంలో ఉంచుకున్నది స్నాప్‌షాట్‌లోకి రాదు. ఆ నకలు హఠాత్తుగా కరెంటు పోయిన యంత్రం వంటిది. మంచి డేటాబేస్ తన చిట్టాను చూసి కోలుకుంటుంది. అయితే చిట్టా, దత్తాంశం రెండూ ఒకే క్షణానివై ఉండాలి. చిట్టాను వేరే డిస్కులో పెట్టి, రెంటికీ వేర్వేరు క్షణాల్లో స్నాప్‌షాట్ తీస్తే మళ్లీ మొదటి చిక్కే.

ఇప్పుడు మేము నెలాఖరు రాత్రులకు ఇరవై గిగాబైట్లు కేటాయిస్తున్నాము. నకలు పూర్తి కాగానే ఆ చోటు ఎంత నిండిందో ఎల్‌వీఎస్ ఆదేశంతో చూసి, ఆ అంకెను పుస్తకంలో చేతితో వ్రాసి, ఆ తరువాతనే స్నాప్‌షాట్‌ను తొలగిస్తాము. నెలకొకసారి నకలును మరొక యంత్రంలోకి ఎక్కించి పింఛనుదారుల పేర్లు లెక్కపెడతాము.