ఇంటిపేరు లేని వారసత్వము



ఎవరి స్మృతికై నేడీ సభ కూడినదో ఆ పండితులు బడిలో హాజరు పిలుచునపుడు పిల్లవాని పేరుతో తృప్తి నొందక, ఇంటిపేరేది యని అడిగి, అది ఊరినిబట్టి వచ్చినదో వృత్తినిబట్టి వచ్చినదో వానిచేతనే కనుగొనజేసెడివారు. ఆ ప్రశ్నకు బదులు వెదకుచు మా తాతగారి మంచము పట్టెపై కూర్చున్న సాయంకాలము నాకింకను జ్ఞప్తియందున్నది. ఎంత అడిగినను ఇంటిపేరు చెప్పగల తాత లేని బిడ్డలును కలరని నాకు మారిషస్ ద్వీపమునకు పోవువరకు తెలియదు. నేటి ప్రసంగమునకు వారి కథయే విషయము.

బానిసల విమోచనముతో ఆ ద్వీపమందలి చెఱకుతోటలకు పనివారు కావలసిరాగా, 1834 మొదలు 1920 వరకు దాదాపు ఐదు లక్షలమంది భారతీయులు ఒడంబడిక కూలీలుగా పోర్ట్ లూయీ రేవున దిగిరి. అందు కొందరచటినుండి ఇతర దేశములకు పంపబడిరి. గోదావరీ ముఖమందలి కోరంగి రేవున ఓడ లెక్కుటచే మన తెలుగువారికి అచట 'కోరంగీ'లని పేరు పడినది. దిగినవారి వివరములు గుమాస్తా చిట్టాలో వ్రాసికొనెడివాడు: సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఎత్తు, దేహముపై గుర్తులు, గ్రామము, జిల్లా. మచ్చకును గాయమునకును అందు చోటున్నది. ఇంటిపేరునకు మాత్రము గడి లేదు.

విశాఖమండలపు కూలివాడు తన పేరు అప్పన్న యనెను. సింహాచలముపై ఏడాది పొడవునను చందనములో మునిగియుండి, అక్షయతృతీయనాడు మాత్రమే నిజరూప దర్శనమొసగు స్వామి పేరది. గుమాస్తా తన చెవికి వినబడినట్లు దానిని వ్రాసికొనెను. ఆ వ్రాతయే కొడుకులకును మనుమలకును వంశనామమైనది. ఇచ్చట మనకు ఇంటిపేరు ఊరినో వృత్తినో తెలుపును. అచ్చట అది ఓడ దిగిన ఒక్క మనుష్యుని తెలుపును. అతనికి పూర్వమేమున్నదో పేరు చెప్పజాలదు. ఆ వెలితియే అచటి యువజనుల వారసత్వమని నా నమ్మకము.

వెలితి అందరినొకే త్రోవను నడపదు. చిట్టాలోని సంఖ్యగా బ్రతికినవాని కొడుకునకు ఆ చిట్టానుండి వీలైనంత దూరము పోవలెనని కోరిక. 1867 నాటి శాసనముచే, ఒడంబడిక తీరిన కూలీలు సైతము ఛాయాచిత్రము గల చీటిని దగ్గరనుంచుకొనియే తిరుగవలసివచ్చెను. అట్టి చీటి మోసినవారి సంతతి పైసపైస కూడబెట్టి చెక్క భూమి కొనిరి. చెఱకాకు కోసిన గాట్లు మాయని చేతులతోనే తల్లులు బిడ్డలను బడికి నడిపించిరి. 1977లో మాధ్యమిక విద్య ఉచితమైనంతట, వైద్యుడో న్యాయవాదియో సర్కారు ఉద్యోగియో కావలెనను ఆశ బీదయిండ్లలోనికిని ప్రవేశించినది. ఆ ఆశను ధనకాంక్షగా నెంచుట అన్యాయము. తనను ఎవ్వరును మరల ఎత్తు కొలిచి వ్రాసికొనకూడదను పట్టుదల దాని మూలమున కలదు.

మనుమల తరము అదే వెలితిని నింపుకొనుటకై వెనుకకు మరలుచున్నది. మారిషస్‌లో 1973లో జన్మించిన నతాషా అప్పన్న ఫ్రెంచి భాషయందు నవలలు వ్రాయు ప్రసిద్ధ రచయిత్రి. పేరులోనే సింహాద్రి స్వామిని మోయుచున్న ఆమె, 2003 నాటి తొలినవలకు ఈ కూలీల రాకనే వస్తువుగా గైకొనెను. ఇరువదియేండ్లకు, 2023లో, తన పూర్వుల కథనే గ్రంథముగా వెలువరించెను. తెలుగులో వ్రాయలేదు గదా యని మనలో కొందరనవచ్చును. ఆ మాట నాకు కష్టము కలిగించును. ఇంట క్రియోల్ పలుకుచు, బడిలో తెలుగును ఒక పాఠ్యాంశముగా నేర్చుకొనుచు, పదముల అర్థము పూర్తిగా తెలియకున్నను దీపము చుట్టును తిరిగి రామభజన చేయువారు, ఉగాదిని దేశమంతటికిని సెలవుదినముగా నిలుపుకొన్నవారు, మన పరీక్షలో ఉత్తీర్ణులు కావలసిన అగత్యమేమి?

ఓడలు దిగిన ఆ రేవుకట్టనే నేడు ఆప్రవాసీ ఘాట్ అందురు. అచట నాకొక విద్యార్థిని తటస్థించినది. మోకా పట్టణమందలి మహాత్మాగాంధీ సంస్థలో భద్రపఱచిన వలస చిట్టాలనుండి తన పూర్వుని వివరములకు పొందిన నకలు ఆమె సంచిలో నున్నది. తాను పాత దస్తావేజుల సంరక్షణము నేర్వదలచితి ననియు, తండ్రికది సమ్మతము కాలేదనియు చెప్పినది. "ఆ కాగితమునుండి బయటపడుటకు మనకు నాలుగు తరములు పట్టినది, మరల దానిలోనికే పోదువా?" అని ఆయన అన్నాడట. చెప్పుచున్నప్పుడు ఆమె కంట తడి చూచితిని. ఆ తండ్రి మాటలోని వేదన నాకు తెలిసినది. ఆమె కోరికయు తెలిసినది. ఒకే పూర్వుడు ఇరువురకును రెండు దారులు చూపినాడు. ఏది సరియైన దారియో చెప్పుట నా తరము కాదు.

ఆ ఘాట్ మెట్లపై ఆమె నకలు విప్పి, గడి వెంట గడిగా వ్రేలు నడపినది. గ్రామము పేరు దగ్గర ఆగి, నన్ను చదువుమన్నది. తెలుగు ఊరిని తెల్లదొర గుమాస్తా తన లిపిలో బంధించినందున, మూడు విధములుగా చదివి చూపితిని. ఆమె మూడింటిని పైకి పలికి, రెండవదానివద్ద నిలిచి, "ఈ ఊరివారికి ఇంటిపేర్లేమి యుండునండీ?" అని అడిగినది.