లంబాడీ, లంబాడిది

(తిరుమలగిరిలో గ్రామీణ మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున పరిచయాలు అయ్యాక ఒక కార్యకర్త లేచి అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టేశాను. "మేడం, రిపోర్టుల లంబాడీలు అని రాస్తే తప్పా, బంజారాలు అని రాయాల్నా? మా ఆఫీసుల తలా ఒకటి చెప్తున్నరు. ఏ మాట అనొచ్చో, ఏది అనొద్దో ఒక లిస్టు ఇస్తే గోడకు అంటిచ్చుకుంటం" అన్నారామె. నేను జవాబు వెతుక్కుంటుంటే, వెనక చాప మీద కూర్చున్న తండా స్త్రీలలో ఒక పెద్దామె ఉన్నచోటి నుంచే అందుకున్నారు: "లంబాడీ అంటే మాకేం కోపం రాదమ్మా. లంబాడిదానా అంటే వస్తది."

నేను చెప్పాలనుకున్నదాంట్లో సగం ఆమే చెప్పేశారు. మిగిలిన సగం చెప్పడానికి నాకు గంట టైమిచ్చారు.

ముందు పేర్ల సంగతి చూద్దాం. తండాల్లో వాళ్లు తమను తాము గోర్ అని చెప్పుకుంటారు. వాళ్ల భాష గోర్‌బోలి. మనలాంటి బయటివాళ్లందరికీ కలిపి వాళ్లకొక మాట ఉంది, కోర్ అని. (మనం వాళ్లకు పేరు పెట్టినట్టే వాళ్లూ మనకొక పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి మన రిపోర్టుల్లో ఎప్పుడూ రాయం.) లంబాడీ, లంబాడా, సుగాలీ, బంజారా అన్నవి బయటివాళ్లు పిలిచిన పేర్లు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ, సైన్యాలకు సరుకు అందిస్తూ దేశమంతా తిరిగిన వ్యాపారులు కాబట్టి, లవణం నుంచి లంబాడీ వచ్చిందని కొందరు పండితులు చెబుతారు. రైళ్లొచ్చాక, ఉప్పు మీద తెల్లవాళ్ల పెత్తనం వచ్చాక ఆ వ్యాపారం పోయింది. 1871లో మొదలైన నేరస్త తెగల చట్టాలు ఇలాంటి ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేశాయి. ఆ చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం ఊళ్లలో మిగిలింది. ఊళ్లో గొర్రె పోతే ముందు ఎటువైపు చూస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రభుత్వ జాబితాలో ఇప్పుడు సుగాలీలు, లంబాడీలు, బంజారాలు అని మూడు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. ఆంధ్ర ప్రాంతంలో వాళ్లను ముందే షెడ్యూల్డ్ తెగల్లో చేర్చారు, తెలంగాణలో 1976 చట్టంతో గానీ చేర్చలేదు. హద్దు దాటి కర్ణాటక పోతే అదే మనుషులు షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్ర పోతే విముక్త జాతి. కాబట్టి లంబాడీ అన్న పేరు వాళ్లకు ఒట్టి పేరు కాదు. బడిలో సీటు, హాస్టల్లో మంచం, పంచాయతీలో పదవి దానితో ముడిపడి ఉన్నాయి. 2017 చివర్లో ఆదిలాబాద్‌లో గోండులు, లంబాడీల మధ్య జరిగిన గొడవంతా ఈ జాబితా చుట్టూనే తిరిగింది. రెండు వైపులా పేదలే. ఆ వివరాల్లోకి ఇవాళ పోను.

బంజారా అన్న మాట చదువుకున్న మగవాళ్లు ఎక్కువగా ఇష్టపడతారని నా అనుభవం. అందులో తప్పేం లేదు. దేశమంతటి పేరు అది, దాన్ని పట్టుకుంటే రాజస్థాన్ దాకా బంధుత్వం కలుస్తుంది. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ అంటే ఖరీదైన చిరునామా కూడా. ఆ కొండకు పేరిచ్చిన మనుషులు ఇవాళ అక్కడ ఎక్కువగా ఇళ్లు ఊడుస్తూ, తాపీ మేస్త్రీల దగ్గర ఇటుకలు మోస్తూ కనిపిస్తారు. మేస్త్రీ ఆమెను ఏమని పిలుస్తాడు? "ఏ బంజారా" అనడు.

లంబాడిదానా అంటాడు. ఆ 'ది' దగ్గర కాసేపు ఆగుదాం.

మనం బడిలో చదివిన వ్యాకరణం గుర్తుందా? మహత్తు, అమహత్తు అని రెండు వర్గాలు. పురుషుడు మహత్తు. పశువులు, వస్తువులు అమహత్తు. స్త్రీ ఏకవచనంలో ఉంటే అమహత్తుతో సమానంగా నడుస్తుంది. వాడు వచ్చాడు, అది వచ్చింది. బర్రె వచ్చింది, బస్సు వచ్చింది, కోడలు వచ్చింది. బహువచనంలోకి పోతేనే మనకు మనుషుల వరస దొరుకుతుంది. ఇది తెలుగు భాష స్వభావం, ఎవరో పనిగట్టుకుని చేసింది కాదు అంటారు భాషావేత్తలు. కావచ్చు. కానీ ఈ గుంటలోంచి బయటపడే మెట్లు భాషే ఇచ్చింది: అది, ఆమె, ఆవిడ, వారు. ఏ స్త్రీకి ఏ మెట్టు అన్నది మాత్రం వ్యాకరణం చెప్పదు. కులం చెబుతుంది, భూమి చెబుతుంది. డెబ్భై ఏళ్ల లంబాడీ స్త్రీని పద్నాలుగేళ్ల పటేల్ పిల్లవాడు 'అది' అంటే ఊళ్లో ఎవరికీ తప్పనిపించదు. ఆ పిల్లవాడి నాయనమ్మను ఎవరన్నా 'అది' అంటే కొట్లాటే.

మగవాళ్లకూ ఇదే వరస ఉంది. లంబాడోడు, ఎరుకలోడు, కోయోడు. పెద్ద కులం పేరుకూ వెనక నుంచి 'ఓడు' తగిలిస్తారు గానీ, ఎదురుగా దొరా అనో, పటేలా అనో అంటారు. తిట్టు ఎదురుగా పడేది ఎవరి మీద, చాటుగా పడేది ఎవరి మీద అని చూస్తే ఊరి భూముల పట్టా చూసినట్టే.

స్త్రీల విషయంలో ఇంకో మెలిక ఉంది. తండాలో మగవాళ్లు ఎప్పుడో ధోవతీ మాని ప్యాంటు తొడిగారు. అద్దాల ఫేటియా, కాంచళి, చేతినిండా గాజులు స్త్రీల ఒంటి మీదే మిగిలాయి. అంటే జాతి గుర్తును మోసింది స్త్రీ, ఆ గుర్తుకు పడే మాటలూ స్త్రీకే. రంగులు కాస్త ఎక్కువైన చీర కట్టుకుంటే మన ఇళ్లలో ఏమని వెక్కిరిస్తారు? లంబాడిదానిలా ఉన్నావంటారు. మా అమ్మ అనేది. నేనూ అన్నాను, చిన్నప్పుడు, మా చెల్లెల్ని. ఆ గదిలో లంబాడీ స్త్రీ ఎవరూ లేరు. అవమానం జరగలేదా?

ఇంతకంటే పెద్ద తప్పు నేనొకటి చేశాను. అందులో తిట్టు ఒక్కటి కూడా లేదు. 1999లోనూ, మళ్లీ 2001లోనూ దత్తత కేంద్రాల కుంభకోణం బయటపడింది. నల్గొండ జిల్లా, ముఖ్యంగా దేవరకొండ వైపు తండాల నుంచి ఆడపిల్లల్ని తీసుకుని విదేశాలకు దత్తత పంపే వ్యాపారం అది. ఆ రెండోసారి నేను ఎం.ఏ. విద్యార్థిని. పత్రికల్లో వచ్చినవన్నీ కత్తిరించి ఒక సెమినార్ పేపరు రాశాను. అందులో మొదటి వాక్యం: "లంబాడీలు ఆడపిల్లలను అమ్ముకుంటున్నారు." లంబాడీ అన్న మాట అక్కడ పూర్తిగా మర్యాదగానే ఉంది. జాబితాలో ఉన్న పేరే. కానీ ఆ వాక్యంలో దళారీ లేడు. కేంద్రం నడిపినవాళ్లు లేరు. డాలర్లు కట్టినవాళ్లు లేరు. ఒకప్పుడు పెళ్లికొడుకు వైపే ఓలి ఇచ్చుకునే తండాల్లోకి కట్నం మన ఊళ్ల నుంచే వచ్చి, మూడో ఆడపిల్ల పుడితే తల్లి గుండె ఆగిపోయే పరిస్థితి తెచ్చిందన్న సంగతి లేదు. జాతి పేరే కర్త, అమ్మడమే క్రియ. పేపరుకు మంచి మార్కులొచ్చాయి. కొన్నేళ్ల తర్వాత ఫీల్డు వర్కుకు పోతే ఒక తండాలో నన్ను గుడిసె ముందే నిలబెట్టి, "మీరు కూడా పిల్లల్ని అమ్మే లంబాడోళ్లు అని రాస్తరా?" అని అడిగారు. అప్పటికే రాశానని చెప్పలేదు.

కాబట్టి గోడకు అంటించే లిస్టు నా దగ్గర లేదు. పేరు మారిస్తే అవమానం పోతుందని చాలాసార్లు అనుకున్నాం. 1917లో బెజవాడలో పంచమ మహాసభ జరిగినప్పుడు భాగ్యరెడ్డి వర్మ ఆ పంచమ అన్న మాటే వద్దని, ఆది ఆంధ్ర అన్నారు. అది వాళ్లు తమకు తాము పెట్టుకున్న పేరు. తర్వాత గాంధీగారు హరిజన అన్న పేరు ప్రచారం చేశారు. దయతో పెట్టిందే, అయినా దళితులు ఒప్పుకోలేదు. కులధ్రువీకరణ పత్రాల్లో ఆ మాట రాయొద్దని 1982లో కేంద్రమే చెప్పవలసి వచ్చింది. 1994లో దండోరా ఉద్యమం దీనికి తిరగబడి, తిట్టుగా వాడిన మాదిగ అన్న మాటనే పేరు చివర తగిలించుకుంది. రెడ్డి అని పెట్టుకోవచ్చు, శర్మ అని పెట్టుకోవచ్చు, మాదిగ అని ఎందుకు పెట్టుకోకూడదు అన్న ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు.

మన పక్కనే ఉన్న పాలకుర్తి సంగతి చూడండి. విసునూరు దేశ్‌ముఖ్ మీద తన పొలం కోసం, పంట కోసం నిలబడిన చిట్యాల ఐలమ్మను లోకమంతా చాకలి ఐలమ్మ అంటుంది. కులానికి ఇప్పుడు రజక అన్న పేరుంది. అయినా 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టాలనుకున్నప్పుడు చాకలి ఐలమ్మ అనే పెట్టారు. ఆ బోర్డు కింది నుంచి నడిచిపోయే అమ్మాయినే వీధి చివర ఎవడో అదే మాటకు 'ది' తగిలించి పిలవొచ్చు. మాట అదే. ఒకచోట దండ, ఇంకోచోట చెప్పు.

ఇక చట్టం. ఇది మీకు రేపే పనికొస్తుంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు. దాని ప్రకారం పదిమంది చూసేచోట కావాలని అవమానిస్తే 3(1)(ఆర్), కులం పేరుతో తిడితే 3(1)(ఎస్), ఎస్సీ ఎస్టీ స్త్రీ అని తెలిసి లైంగికమైన మాటలంటే, సైగలు చేస్తే 3(1)(డబ్ల్యూ). 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. ఒక కులం పేరుకు నిఘంటువులో ఏ అర్థమున్నా, జనం ఇవాళ దాన్ని ఎలా వాడుతున్నారన్నదే చూడాలంది. ఇంటి గేటు ముందు తిట్టినా బయటివాళ్లకు కనబడే చోటే అంది. కానీ 2020లో హితేశ్ వర్మ కేసులో, నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనిచోట అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదంది. న్యాయసూత్రంగా దానికి కారణాలుండొచ్చు. మరి మన స్త్రీలను ఎక్కువగా తిట్టేది ఎక్కడ? వంటింట్లో, కోళ్లఫారం షెడ్డులో, పత్తి మిల్లు గోదాములో. సాక్షి యజమాని భార్య. అందుకే కేసు తీసుకునేటప్పుడు మొదట అడగవలసింది 'ఏమన్నాడు' అని కాదు, 'అప్పుడు చుట్టూ ఎవరున్నారు' అని.

రెండోది, ఏమన్నాడన్నది పూర్తిగా రాయండి. మన ఫిర్యాదులన్నిట్లో ఒకే వాక్యం ఉంటుంది: "కులం పేరుతో దూషించినాడు." స్టేషన్‌లో రైటర్ రాసేదీ అదే, మనం రాసేదీ అదే. ఆమె నోటితో ఆ మాటలు పలకలేదు. మనకు వినడం ఇబ్బంది. ఇద్దరి సిగ్గూ కలిసి ఆ మాటల్ని కాగితం మీది నుంచి తుడిచేస్తాయి. నిజంగా వాడు లంబాడిదానా అని ఆగడు. ఆ తర్వాత రాత్రికెంత అంటాడు. ఆ రెండో ముక్క కాగితం మీద లేకపోతే (డబ్ల్యూ) సెక్షన్ రాదు, కోర్టులో డిఫెన్సు లాయరు "ఏ మాట అన్నాడమ్మా" అని అడిగితే ఆమె నలుగురు మగవాళ్ల ముందు మొదటిసారి పలకవలసి వస్తుంది. ఆమె చెప్పలేకపోతే ఒక గదిలో, మనలో ఒకరే కూర్చుని, ఆమె భాషలోనే చెప్పించుకోండి. గోర్‌బోలి వచ్చినవాళ్లు తోడుంటే మరీ మంచిది. తెలుగులో సిగ్గుపడే మాట సొంత భాషలో కాస్త తేలిగ్గా వస్తుంది. తండాలో ఫిర్యాదులు రాస్తూ నేను నేర్చుకున్నది ఇదే.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను, భోజనాల టైమైంది. నిర్వాహకులు ఏమీ అనుకోవద్దు. మైకు దగ్గరికి వచ్చేముందు హాజరు పుస్తకం చూశాను. పొద్దున ఆ మాట చెప్పిన పెద్దామె పేరు ఏమిటో చూద్దామని. కార్యకర్తలందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా ఉన్నాయి. నా పేరు పక్కన డాక్టర్ అని కూడా ఉంది. చివర ఒక్క లైను: "తండా మహిళలు – 11 మంది." సంతకాలు రానివాళ్లు వేలిముద్ర వేయొచ్చు, పేర్లయితే పదకొండూ వేర్వేరే కదా. భోజనం అయ్యాక ఆ పేజీ మళ్లీ రాద్దాం. నేను పెన్ను పట్టుకుని ఆ చాప దగ్గరే కూర్చుంటాను. ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా, చివర బాయి అని రాయాలా వద్దా, వాళ్లు ఎలా చెబితే అలా.