మన బండికీ ఒక పాస్‌బుక్

(సూరత్‌లో పనిచేస్తున్న మన బ్యాంకు తెలుగు ఉద్యోగుల కుటుంబాలు డుమస్‌లో కలుసుకున్న ఆదివారం ఒక సహోద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



డుమస్ వచ్చి వేడివేడి టమాటా భజియాలు తిన్నాక ఉపన్యాసం వినడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే తొందరగా ముగిస్తాను. పాత వ్యాన్ల గురించి మాట్లాడమని నన్నే ఎందుకు అడిగారంటే, బయట నిలిపిన బళ్లలో అన్నిటికంటే పాతది నాదే. 2012 మోడల్ మారుతి ఈకో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అమ్మ, మేమిద్దరం, ముగ్గురు పిల్లలు, ఊరి నుంచి తెచ్చుకునే బియ్యం బస్తా, పచ్చడి జాడీలు: ఇవన్నీ పట్టే బండి మన జీతంలో మరొకటి దొరకలేదు.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. నాలుగేళ్ల క్రితం ఇదే డుమస్‌కు వచ్చాం. పిల్లలు గోల చేస్తే బండిని ఆ నల్ల ఇసుక మీదికి దించాను. ఈకోలో ఇంజన్ బలం వెనక చక్రాలకు వెళుతుంది. తడి ఇసుకలో ఆ వెనక చక్రాలే కూరుకుపోయాయి. ఖంభాత్ అఖాతంలో ఆటుపోట్ల తేడా మన దేశంలోకెల్లా ఎక్కువ. దూరంగా ఉన్న నీళ్లు చూస్తుండగానే చక్రాల దాకా వచ్చాయి. అక్కడున్న కుర్రాళ్లు పదిమంది కలిసి తోస్తే బయటపడ్డాం. ఇంటికొచ్చి బండి పైభాగం తళతళలాడేలా కడిగాను. అడుగుభాగం మాత్రం కడగలేదు.

తర్వాతి నెలల్లో మా ఆవిడ ఇంటి ఖర్చుల పుస్తకం చూసి, "పెట్రోలు ఖర్చు పెరిగిందేమండీ?" అని రెండుసార్లు అడిగింది. "ధర పెరిగి ఉంటుందిలే" అన్నాను. ధర పెరగలేదు. అంతకుముందు లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే బండి 12కి దిగింది. ఆ సంగతి ఆవిడ పుస్తకంలో ఉంది, నేనే చూడలేదు.

వేసవి సెలవులకు కరీంనగర్ బయలుదేరాం. నవాపూర్ దాటి ధూలే దారిలో కొండైబారి ఘాట్ ఎక్కుతుంటే కాలిన వాసన వచ్చింది. బండి ఎడమవైపు లాగుతోంది. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం నుంచి సెగ కొడుతోంది. బ్రేకు పట్టుకుని వదలడం లేదు. అలా వేడెక్కితే బ్రేకు ఆయిల్ మరుగుతుంది, అప్పుడు పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. మేము ఎక్కుతున్నాం కాబట్టి సరిపోయింది. అవతలివైపు దిగుతున్నప్పుడు ఆ పని జరిగి ఉంటే ఈరోజు నేను ఇక్కడ నిలబడి మాట్లాడేవాణ్ణి కాదు. బండిని లాగించుకుని నవాపూర్ వెనక్కి వచ్చి, అక్కడ బాగుచేయించుకున్నాం.

సెలవులయ్యాక లింబాయత్‌లో ఉన్న మన తెలుగు మెకానిక్ దగ్గర నాలుగు చక్రాలూ విప్పించాను. బ్రేకు కాలిపర్ పిన్నుల మీద ఉప్పు తుప్పు, లోపల నల్ల ఇసుక. ఆయన అడిగాడు, "మైలేజ్ ఎప్పటిసంది తగ్గింది సార్?" "మూడు నెలలయింది" అన్నాను. "అంటే మూడు నెలల సంది బండి చెప్తనే ఉన్నది సార్. మీరే ఇనలేదు" అన్నాడు.

నేను చెప్పదలచుకున్నది ఆయన ఆ ఒక్క మాటలో చెప్పేశాడు. మనం బ్యాంకు మనుషులం. కిస్తీ ఒక్కరోజు ఆలస్యమైతే ఖాతాను ఎస్‌ఎంఏ-0 అంటాం, 30 రోజులు దాటితే ఎస్‌ఎంఏ-1, 60 దాటితే ఎస్‌ఎంఏ-2. 90 రోజులు దాటి ఎన్‌పీఏ అయ్యేదాకా చేతులు ముడుచుకుని కూర్చోం. బండి విషయంలో మైలేజీ తగ్గడమే ఎస్‌ఎంఏ. మైలేజీ అంటే డబ్బు లెక్క మాత్రమే కాదు, బండి నాడి.

ఆ నాడి చూడటం చాలా తేలిక. ట్యాంకు నిండా పెట్రోలు పోయించండి. మీటరు అంకె రాసుకోండి. మళ్లీ పోయించేటప్పుడు కూడా నిండుగానే పోయించండి. నడిచిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. 420 కిలోమీటర్లకు 30 లీటర్లు పడితే 14. తేదీ, మీటరు అంకె, లీటర్లు, రూపాయలు అని నాలుగు గళ్లు గీసిన చిన్న పుస్తకం చాలు. దాన్ని పిల్లలకు అప్పగించండి, భాగహారం కూడా వస్తుంది.

డబ్బు లెక్క కూడా చూడండి. నెలకు 900 కిలోమీటర్లు తిరిగే బండి 14 నుంచి 12కి దిగితే దాదాపు 11 లీటర్లు అదనంగా తాగుతుంది. లీటరు 95 రూపాయలనుకుంటే నెలకు సుమారు వెయ్యి రూపాయలు.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే తక్కువ. పాత నాలుగు చక్రాల బళ్లలో దీనివల్ల మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ ప్రచురించిన నివేదిక అంచనా వేసింది. అంటే 14 ఇచ్చే బండి 13కి వస్తే ఇంధనం వల్ల కావచ్చు. 12కి వచ్చిందంటే లోపం బండిలోనే వెతకాలి. పాత బండిలో పెట్రోలు రబ్బరు గొట్టాలను కూడా ఒకసారి చూపించండి.

వెతకడం టైర్ల నుంచి మొదలుపెట్టండి. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. పదిహేను రోజులకోసారి, బండి నడవకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. గాలి తగ్గితే టైరు నేలకు ఎక్కువ అంటుకుని ఇంజన్‌కు బరువవుతుంది, అంచులు అరుగుతాయి. తర్వాత ఎయిర్ ఫిల్టర్. సూరత్ దుమ్ముకు అది తొందరగా మూసుకుపోతుంది. ఆ తర్వాత స్పార్క్ ప్లగ్గులు, వీల్ అలైన్‌మెంట్.

బ్రేకు పట్టేస్తోందా అని ఇంట్లోనే చూసుకోవచ్చు. పది కిలోమీటర్లు మామూలుగా నడిపి ఆపి, చక్రాల దగ్గరికి అరచెయ్యి తీసుకెళ్లండి. ముట్టుకోవద్దు, కాలుతుంది. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ వేడిలో బాగా తేడా ఉంటే మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. దూరప్రయాణానికి వారం ముందు ఈ పరీక్ష తప్పనిసరి.

ఈకోలో ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తితే గాని కనబడదు కాబట్టి చూడటానికి బద్ధకిస్తాం. వారానికోసారి సీటు ఎత్తండి. చదునైన చోట, ఇంజన్ ఆపిన కాసేపటికి ఆయిల్ పుల్ల తీసి చూడండి. కూలెంట్ మట్టం కూడా చూడండి, కానీ ఇంజన్ వేడిగా ఉండగా మూత తీయకండి. ఆయిల్ మార్పు బండి పుస్తకంలో ఉన్న గడువు ప్రకారం చేయించండి. తక్కువ తిరిగాం కదా అని సంవత్సరం దాటించకండి.

నడిపే తీరులో కూడా పొదుపు ఉంది. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య నిలకడగా నడపమని పీసీఆర్‌ఏ ఎప్పటినుంచో చెబుతోంది. ముందు సిగ్నల్ ఎర్రగా కనబడుతుంటే యాక్సిలరేటర్ తొక్కుకుంటూ వెళ్లి బ్రేకు వేయడమెందుకు? కాలు తీసేస్తే బండే నెమ్మదిస్తుంది. సిగ్నల్ పెద్దదైతే ఇంజన్ ఆపండి. పైన ఖాళీ క్యారియర్ ఉంటే విప్పి ఇంట్లో పెట్టండి. ఏడుగురి బండిలో పదిమందిని ఎక్కించవద్దు. అది మైలేజీకే కాదు, బ్రేకులకు కూడా భారం.

సీఎన్‌జీ బళ్లున్నవారు సిలిండర్‌కు మూడేళ్లకోసారి జరగాల్సిన పరీక్ష తేదీ చూసుకోండి. గ్యాస్ వాసన వస్తే సొంత వైద్యం వద్దు.

కొత్తగా పాత బండి కొనేవారికి రెండు మాటలు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అరగకపోయినా ముసలి టైరు ముసలిదే. రెండోది మన వృత్తికి సంబంధించినది. ఆర్‌సీ మీద ఏదైనా బ్యాంకు హైపోథికేషన్ ఉంటే, ఫారం 35, బ్యాంకు నిరభ్యంతర పత్రం చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి. ఈ సంగతి కౌంటరు దగ్గర అందరికీ చెబుతాం, మన ఇంటికొచ్చేసరికి మరచిపోతాం.

చివరిగా ఒక కోరిక. ఈరోజు ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు దారిలో ట్యాంకు నింపి, మీటరు అంకె రాసుకోండి. మీ బండి పాస్‌బుక్‌లో అదే మొదటి ఎంట్రీ. సముద్రం దగ్గరికి మాత్రం బళ్లు ఇక్కడే వదిలి నడిచి వెళదాం. పిల్లలు గోల చేస్తే నా కథ చెప్పండి.